సండే స్కూలు గది తాళం

"తాళం తీస్తాను. కానీ ఒక్కరి విశ్వాసం కాస్త కదిలినట్టు కనిపించినా మళ్లీ వేసేస్తాను. తర్వాత నన్ను బతిమాలొద్దు," అన్నారు మామగారు, సండే స్కూలు గది ముందు నిలబడి.

"అలాగే మామయ్యగారూ," అంది కోడలు. ఆసుపత్రిలో ఎంత పెద్ద డాక్టరు చిర్రుబుర్రులాడినా చలించని నర్సు, ఈయన ముందు మాత్రం నోరు పెగలక అవస్థ పడుతుంది.

"అయినా పెద్దవాళ్లకి బైబిలు క్లాసేంటమ్మా? ఇన్నేళ్లుగా ప్రసంగాలు వింటున్నారుగా?"

"వింటున్నారు గానీ అడగట్లేదండీ. ఇక్కడ అడగాల్సినవన్నీ నా దగ్గరికొచ్చి, ఇంజెక్షన్ చేయించుకుంటూ అడుగుతున్నారు."

"సూది చూస్తే ఎవరైనా ఏదో ఒకటి వాగుతారు," అంటూ మామగారు తాళం తీశారు. దాన్ని గొళ్లేనికి తగిలించలేదు. చేత్తోనే పట్టుకుని లోపలికెళ్లి, తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆయన చర్చికి సంఘపెద్ద. అక్కడ ఆయన మాటకు తిరుగులేదు. ఆయన "ఆమెన్" అన్నారంటే ప్రసంగం ఎక్కడుంటే అక్కడ ఆగాల్సిందే. పాస్టరు అయ్యగారు ఈ క్లాసుకు ఒప్పుకున్నది కూడా "మీ మామగారు సరేనంటేనే" అన్న షరతు మీద. ఇవాళ తలుపు మూతపడితే ఇక తెరుచుకోదని కోడలికి తెలుసు.

ఆరాధన ముగించుకుని జనం ఒక్కొక్కరే వచ్చారు. బెంచీలు చిన్నపిల్లలవి కావడంతో బస్సు డ్రైవరు మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. దర్జీ ఒక మూలకు ఒదిగాడు. పాట అందుకుంటే పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించే హల్లెలూయ పిన్ని, పిల్లలు రంగులేసిన నోవహు ఓడ బొమ్మ కింద చతికిలబడింది. ఓడలో జిరాఫీ ఆకుపచ్చగా ఉంది.

కోడలు గొంతు సవరించుకుంది. "ఇక్కడ ఎవరైనా ఏదైనా అడగొచ్చు. సందేహాలేమైనా ఉన్నాయా?"

"ఆమెన్," అన్నారందరూ.

"అది కాదండీ. అడగమంటున్నాను."

"ఆమెన్!" అంది హల్లెలూయ పిన్ని, ఇంకాస్త గట్టిగా.

పాపం, వాళ్ల తప్పేం లేదు. ఆ గోడల మధ్య వాళ్లకు అలవాటైన జవాబు అదొక్కటే. పైగా అందరి కళ్లూ తలుపు పక్క కుర్చీ మీదే ఉన్నాయి. కోడలు ఇక లాభం లేదనుకుని బైబిలు తెరవబోయింది.

"నేనొకటి అడగనా అమ్మా?" అన్నాడు దర్జీ, చొక్కా అంచును వేళ్లతో నలుపుకుంటూ.

"అడుగు బాబాయ్."

"మా ఆవిడకి జబ్బు చేసినప్పుడు సంఘమంతా ప్రార్థన చేసింది. తల మీద చెయ్యేసి, లేచి తిరుగుతుందన్నారు. లేవలేదు. దేవుడికి వినపడలేదా? లేకపోతే విని ఊరుకున్నాడా?"

అందరి చూపూ మళ్లీ మామగారి మీదికే పోయింది. తల మీద చెయ్యేసింది ఎవరో అందరికీ తెలుసు. ఇప్పుడాయన "ఆమెన్" అంటారని, విషయం అక్కడితో ఆగిపోతుందని అందరూ ఎదురుచూశారు. మామగారు అనలేదు. చేతిలో తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు.

అంతా దేవుని చిత్తం అనే మాట కోడలి నాలుక చివరి దాకా వచ్చింది. దర్జీ మొహం చూశాక దాన్ని మింగేసింది.

"నాకు తెలియదు బాబాయ్," అంది.

దర్జీ ఒక్క క్షణం ఆమెకేసి చూసి, గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. "అమ్మయ్య! తెలియనిది నాకొక్కడికే అనుకున్నానమ్మా. నా విశ్వాసం తక్కువై అర్థం కావట్లేదేమో అని ఇన్నాళ్లూ సిగ్గుతో చచ్చిపోయాను."

"నాకూ తెలీదు," అన్నాడు డ్రైవరు.

"నాకు మటుకు తెలుసా ఏంటి?" అంది హల్లెలూయ పిన్ని. "తెలియకే కదా అంత గట్టిగా పాడేది!"

అందరూ పకపకా నవ్వారు. దర్జీ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కోడలికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇక క్లాసు నడుస్తుంది, తనేమీ చెప్పకపోయినా నడుస్తుంది అనుకుంది.

అంతలో కుర్చీ కిర్రుమంది. మామగారు లేచారు. చేతిలో తాళం.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"మామయ్యగారూ, ఒక్క నిమిషం..."

ఆయన వినిపించుకోలేదు. తిన్నగా తలుపు దగ్గరికి నడిచారు. డ్రైవరు కాళ్లు కూడదీసుకుని లేచి నిలబడ్డాడు. హల్లెలూయ పిన్ని బైబిలు సంచిలో పెట్టుకుంది. "అంతా నా నోటి దురద వల్లే వచ్చింది," అని గొణిగాడు దర్జీ. కోడలు తల వంచుకుంది. చూడడానికి మనసొప్పలేదు.

తలుపు మూసిన చప్పుడయింది. ఆ వెంటనే గడియ పడిన చప్పుడు.

గడియ ఉన్నది లోపలి వైపు కదా!

ఆమె తలెత్తేసరికి మామగారు గదిలోనే ఉన్నారు. నెమ్మదిగా వచ్చి తాళాన్నీ తాళంచెవినీ ఆమె చేతిలో పెట్టారు. ఆ ఇనుము ఆయన చేతి చెమటకు తడిసి ఉంది.

మామగారు దర్జీని కాస్త జరగమని సైగ చేసి, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా ఆ చిన్న బెంచీ మీద అతని పక్కనే కూర్చున్నారు.

"నాకూ తెలియదయ్యా," అన్నారు.