బండ కింద బంతి

పోయిన జూలై పదమూడు, ఆదివారం. మైసమ్మకు కోసిన పొట్టేలు కూర, జొన్నరొట్టెలు, బగార అన్నం. లక్డారం అవతలి రాళ్ల క్వారీలో మసాలా వాసన గుప్పుమంటున్నా ఒక్క కూలి కుర్రాడూ విస్తరి ముట్టలేదు.

"ఏందిరా, పండుగ పూట గీ అలకలేంది?" అన్నాడు యజమాని లింగం పటేల్.

కుర్రాళ్లలో ముందు నిలబడ్డ దశరథ్ పైకి చూపించాడు. గుంత అంచున, రాతిగోడ మీంచి ఇల్లంత బండ ఒకటి ముందుకు వంగి ఉంది. శుక్రవారం నాటి పేలుళ్లకు దాని వెనక చీలిక విచ్చుకుంది.

"దాన్ని దించేదాక కింద పనికి దిగం సార్."

"దించాలంటే వారం పని బంద్ అయితది. దానికేం కాదు. మైసమ్మకు పెట్టినం గదా!"

"పొట్టేలు తిన్నంక మైసమ్మ బండను పట్టుకొని నిలబడ్తదా సార్?" అన్నాడు ప్రవీణ్. కుర్రాళ్లంతా గొల్లున నవ్వారు.

దశరథ్ నవ్వలేదు. "మా పానాలకు వారం పని ఇలువ కూడ లేదా? ఏం కాదంటున్నరు గదా, తిండి బంతి గా బండ కిందనే ఏద్దం. మీరూ కూసోండ్రి. చెయ్యి కడిగేదాక లేవకుంట తింటే, రేపు పొద్దుగాల మారుమాట లేకుంట దిగుతం."

వంట చేస్తున్న శివమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నోరు మూస్కో బిడ్డా!"

పటేల్ చెప్పులు విడిచాడు. "పట్టుండ్రి విస్తర్లు."

అంత మాట అంటాడని దశరథ్ అనుకోలేదు. పటేల్ వెళ్లి సరిగ్గా బండ కిందే బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఇక తప్పేదేముంది? కుర్రాళ్లూ ఎదురుగా వరుసగా కూర్చున్నారు. పైనుంచి సన్నగా మన్ను జారి ప్రవీణ్ మెడ మీద పడింది. వాడి నవ్వు ఎటుపోయిందో పోయింది.

పటేల్ మాత్రం తాపీగా తింటున్నాడు. తన విస్తరిలోని మూలుగబొక్క తీసి దశరథ్ ముందు వేశాడు.

"తినురా. మరీ బక్కగైనవ్."

ఆ గొంతులో నిజంగానే ఆపేక్ష ఉంది. దశరథ్ ఆ బొక్కను విస్తరి అంచుకు జరిపాడు.

పటేల్ విస్తరిలో నాలుగు మెతుకులు మిగిలాయి. "శివమ్మా, చేతికి నీళ్లు తే. ఓడిపోయిండ్రు పోరగాళ్లు."

శివమ్మ చెంబు తెచ్చి పక్కన పెట్టింది. దశరథ్ తల వంచుకున్నాడు. "దిగుతం సార్. మాటంటే మాటే."

అప్పుడే గుంతలోకి ఒక కారు వచ్చి ఆగింది. పటేల్ కూతురు అంకిత మందుబిళ్లలతో దిగి, తండ్రి కనబడగానే నవ్వుతూ బండ వైపు నడిచింది.

"బాపూ, షుగర్ గోళీ మర్చిపోయి వచ్చినవ్! నాకు జెర కూర ఉంచిండ్రా లేదా?"

పటేల్ ఎంగిలి చేత్తోనే దిగ్గున లేచాడు. కాలికి తగిలి చెంబు దొర్లిపోయింది.

"ఆడ్నే ఆగు బిడ్డా! గీ బండ కిందికి రాకు!"