సగం నేసిన చీర

ధర్మవరంలో నాగవేణి తల్లి సగం నేసి పోయిన పట్టుచీర, రాత్రికి జానెడు చొప్పున పెరుగుతోంది. ఆమే వచ్చి నేస్తోందంటాడు నాయన. తెల్లారితే ఆయన్ని పిచ్చాసుపత్రికి తీసుకుపోతానన్నాడు అన్న.

“అమ్మ రాదు నాయనా. లోపల అణచుకున్న దుఃఖమే నిద్దట్లో నీ చేత నేయిస్తాంది,” అంది సైకాలజీ చదివిన నాగవేణి.

“అట్లయితే దూడను కట్టినట్టు కట్టేసి సూడు పాపా.”

ఇద్దరి చేతులకూ ఒకే చున్నీ ముడేసుకుని పడుకున్నారు.

నడిరాత్రి పక్కగదిలో మగ్గం ఆడింది. నాగవేణి చున్నీ లాగింది. నాయన చెయ్యి వెచ్చగా తగిలింది.

“నేనీడే ఉండా పాపా.”

చదివిందేదో చెప్పబోయింది. తల్లి పోయిన రోజు కూడా ఏడవని ఆమె నోట “అమ్మా” అన్న పిలుపొచ్చింది.

ఆ పిలుపు విన్నట్టే మగ్గం టక్కున ఆగింది.