వానలో నిలబడ్డవాడు

తల్లి కుట్టుమిషన్ ఆపి కిటికీలోంచి చూసింది. అతను మళ్ళీ వచ్చాడు. కుండపోతగా వాన కురుస్తున్నా ఎదురు కొట్టు చూరు కిందికైనా వెళ్ళకుండా, వీళ్ళ గుమ్మంకేసే చూస్తూ రోడ్డు మీద నిలబడ్డాడు.

"నీకోసం ఎలా తడిసిపోతున్నాడో చూడవే! సినిమాలో అయితే ఈపాటికి ఎంత రాతిగుండె అయినా కరిగేది," అంది కూతురితో. అలాంటి సీన్లు చూసి ఆవిడ ఎన్నిసార్లు కొంగు తడుపుకుందో!

కూతురు కిటికీ దగ్గరికి రాలేదు. అతని వల్లే ఆ పిల్ల ఫోన్ నంబరు మార్చింది, మందుల షాపులో ఉద్యోగం మానేసింది.

"సినిమాలో వాడు మంచోడని ముందే రాసిపెడతారమ్మా. వీడి గురించి ఎవరు రాశారు? తలుపు మాత్రం తీయకు."

"చాల్లే సంబడం! మనిషన్నాక జాలుండాలి."

కూతురు విసురుగా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

తల్లికి మనసాగలేదు. ఉతికిన తువ్వాలు పట్టుకుని తలుపు తీసింది.

"రా బాబూ. ముందు తల తుడుచుకో, జలుబు చేస్తుంది."

అతను లోపలికొచ్చాడు. తువ్వాలు అందుకోలేదు. వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా గడియ పెట్టాడు.

"ఏ గదిలో ఉంది ఆంటీ?" అన్నాడు.