ఉపవాసం తెలియని కోళ్లు

ఇన్సాఫ్ చేతిలో కాగితం ఉంది. ఆమెకు చదవడం రాదు.

"ఊరికే పట్టుకో, ఫోటోకి బాగుంటుంది. మాటలు నోటికొచ్చుగా," అంది తాసోనీ ఇరీనీ, అంటే ఇరీనీ అక్క. ఆ ఊరి చర్చిలో పేద కుటుంబాల్ని చూసుకునేది ఆవిడే.

నోటికొచ్చు. వారం రోజులు పక్కన కూర్చుని ఇరీనీయే వల్లె వేయించింది.

ఈస్టర్ వెళ్లిన రెండో ఆదివారం. హాల్లో ముందు వరసలో కైరో నుంచి వచ్చిన దాతలు. చిట్టచివరి వరసలో ఐదుగురు వితంతువులు. చలికాలంలో ఇన్సాఫ్‌తో పాటు చర్చి నుంచి కోళ్లు తీసుకున్నవాళ్లు.

మనిషికి ఇరవై కోళ్లు, ఆరు వారాల పాఠాలు. "నీ కాళ్ల మీద నువ్వు" అని గోడ మీద రంగుల అక్షరాలు. చర్చి ఫాదరు, అబూనా సరాబామోన్, స్వయంగా వచ్చి కోళ్ల మీద పవిత్రజలం చల్లారు.

అవి గుడ్లు పెట్టడం మొదలెట్టిన వారానికే ఈస్టర్ ముందరి పెద్ద ఉపవాసం వచ్చింది. యాభై అయిదు రోజులు. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు.

కాలవ ఇవతల ఊరంతా క్రైస్తవులే.

ఆరు వారాల పాఠాల్లో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

"నా కోళ్లకి ఉపవాసం తెలీదే," అంది వదీదా అప్పట్లో, గుడ్ల ట్రేలు మంచం కిందికి తోస్తూ. "అబూనా నీళ్లు చల్లినప్పుడు వాటి చెవిలో కూడా ఓ మాట వెయ్యాల్సింది."

అందరూ పడిపడి నవ్వారు.

మూడో వారానికి దాణా అయిపోయింది. ఐదుగురూ కోళ్లను మిన్యా పట్నం నుంచి వచ్చిన వ్యాపారికి అయినకాడికి ఇచ్చేశారు. మళ్లీ చర్చి సంచీయే దిక్కయింది. బియ్యం, పప్పు, నూనె, మకరోనా. నెలకొక్కసారి.

ఇన్సాఫ్ కోళ్లు మాత్రం నిలిచాయి.

కాలవ అవతల పది ముస్లిం గడపలున్నాయి. అందులో ఒకటి హజ్‌కి వెళ్లొచ్చి హాగ్గా అనిపించుకునే నఫీసాది. రైల్వేలో పనిచేసి పోయిన మొగుడి పింఛనుతో బతికే ముసలామె. రెండు రోజులకో ట్రే కొనేది.

"మనవలొచ్చారు. పొద్దస్తమానం గుడ్లే గుడ్లు," అనేది గుమ్మంలోనే డబ్బు చేతిలో పెట్టి.

ఉపవాసం నలభయ్యో రోజున ఆ తలుపు తీసి ఉంది. ఇన్సాఫ్ లోపలికి వెళ్లింది.

వంటింట్లో ట్రేలు. నేల నుంచి కిటికీ దాకా. అడుగు ట్రేల్లోంచి కుళ్లిన వాసన.

ఇంట్లో ఒక్క పిల్లవాడి చెప్పు కూడా లేదు.

"హాగ్గా, ఇదేంటి?"

"నా వంటింట్లో నీకేం పనే? అక్కడ పెట్టి పో."

"మనవలు..."

"కువైట్‌లో ఉన్నారు. అయితే ఏంటంట? ఎక్కడైనా నోరు జారావో, మళ్లీ ఈ గుమ్మం ఎక్కనివ్వను."

ఇన్సాఫ్ నోరు జారలేదు. రెండు రోజులకి ఇంకో ట్రే తీసుకుని అదే గుమ్మం ఎక్కింది.

"ఇంకో సంగతి," అంది ఇరీనీ ఇప్పుడు హాల్లో, ఇన్సాఫ్ ముసుగు సర్దుతూ. "నువ్వు బాగా చెబితే వచ్చే నెల నుంచి సంచీలు ఆపేస్తాం. అందరికీ. నువ్వు నిలబడ్డావు, వాళ్లకేం రోగం అంటున్నారు అబూనా."

ఇన్సాఫ్ వెనక్కి తిరిగి చూసింది. చివరి వరసలోంచి వదీదా చెయ్యి ఊపింది, భయపడకు అన్నట్టు.

"తాసోనీ, వాళ్లకి ఇంకొక్క ఏడాది..."

"మారీనా నర్సింగు సీటు గురించి అబూనాతో మాట్లాడాను. సీట్లిచ్చేది కూడా వీళ్లే." ఇరీనీ కళ్లతోనే ముందు వరసను చూపించింది. "నవ్వుతూ చెప్పు."

మారీనా ఇన్సాఫ్ ఒక్కగానొక్క కూతురు. రెండేళ్లుగా దరఖాస్తు పెడుతూనే ఉంది.

మైకు చేతికొచ్చింది. ఇన్సాఫ్ వల్లె వేసిందంతా తప్పులేకుండా అప్పజెప్పింది. ఫోటోలు తీశారు.

ముందు వరసలో ఒక తెల్లజుట్టాయన లేచాడు.

"ఒక్క మాట, చెల్లెమ్మా. పెద్ద ఉపవాసంలో నీ గుడ్లు ఎవరు కొన్నారు?"

ఇది వల్లె వేసినదాంట్లో లేదు.

ఇరీనీ పెదాల మీద నవ్వు అలాగే బిగుసుకుపోయింది. గడ్డం నిమురుకుంటున్న అబూనా చెయ్యి ఆగింది. చివరి వరసలో వదీదా ముందుకు వంగింది. ఆమెకూ తెలుసుకోవాలని ఉంది.

జాలిపడి ఒక ముసలామె కొన్నదని చెబితే చాలు. సంచీలు ఉంటాయి. సీటు ఉండదు.

"దేవుడే కొన్నాడు," అంది ఇన్సాఫ్.

హాలు దద్దరిల్లింది. కైరో నుంచి వచ్చిన ఒకామె కళ్లు తుడుచుకుంది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది వదీదా.

మరుసటి నెల మొదటి శుక్రవారం, మిట్టమధ్యాహ్నం, వదీదా ఇన్సాఫ్ గుమ్మంలోకి వచ్చింది. భుజాన ఖాళీ సంచీ.

"ఇక ఇవ్వరంట. తాసోనీ తలుపు కూడా పూర్తిగా తియ్యలేదు."

ఇన్సాఫ్ తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"నిన్ను అనడానికి రాలేదే. నీకు మాత్రం ఏం తెలుసు, పాపం." వదీదా ముసుగు అంచుతో మెడ తుడుచుకుంది. "ఆ గుడ్లు కొన్న దేవుడి ఇల్లు ఎక్కడో చెప్పు, చాలు. పిల్లలకి ఈ పూటకి కాసిని బియ్యం అడుగుతాను."

ఇన్సాఫ్ ఆమెను లోపలికి రమ్మనలేదు.

లోపల తీగ మీద మారీనా తెల్ల యూనిఫాం ఆరుతోంది.