అతిథికి వండని కోడి

తెల్లవారి కోళ్ల గూడు దగ్గరికెళ్లిన జునిల్దా గుండె గుభేలుమంది.

రాత్రి గాలికి గడియ ఊడిపోయింది. కోడిపెట్ట సెలెస్తె బయట మంచులో కూలబడి ఉంది.

కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. వేళ్ల చివరలు తెల్లగా పాలిపోయాయి. ఒక పాదం అడుగున ముళ్లకంచె గీరిన గాయం.

"అయ్యో నా తల్లీ!" అంటూ ఒడిసిపట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

మిగతా కోళ్లన్నిటినీ నక్క ఇదివరకే ఎత్తుకుపోయింది. మిగిలింది ఇదొక్కటే. నీలి గుడ్లు పెట్టే జాతి. పోయిన అమ్మ పెంచిన కోళ్ల వంశంలో ఆఖరిది. వసంతంలో పొదిగిస్తే పెరడు మళ్లీ నిండుతుందని జునిల్దా ఆశ. పక్క లోయవాళ్ల పుంజును కూడా అడిగి పెట్టుకుంది.

కట్టెల పొయ్యికి ఉన్న ఓవెన్ తలుపు తెరిచింది. చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లల్ని అక్కడ అందరూ అందులోనే పెడతారు మరి.

అంతలో వాకిట్లో ఇంట్లోవాళ్లను పిలిచే చప్పట్లు వినిపించాయి.

ఎవరో ముసలాయన. గడ్డం నిండా మంచు. కప్పుకున్న పోంచో తడిసి ముద్దయింది.

"దారి మూసుకుపోయిందమ్మా. మంచు తోసే బండి వచ్చేదాకా పొయ్యి దగ్గర కూర్చోనిస్తారా?"

"కూర్చోండి. ముందా తలుపెయ్యండి, చలి తోసుకొస్తోంది."

జునిల్దా ముసలాయన్ను చూసింది. చేతిలో కోడిని చూసింది.

చలికాలంలో గడప తొక్కిన మనిషికి కోడి పులుసు పెట్టకుండా పంపిన ఇల్లు ఆ లోయలో లేదు. సామాన్ల బండి రాక ఇంట్లో వండడానికి కాసిని బంగాళాదుంపలు తప్ప ఏమీ మిగల్లేదు. అతిథి ముందు ఉత్త దుంపలు పెట్టిందని తెలిస్తే లోయంతా నవ్విపోదూ! దుంపల బుట్టను కాలితో బల్ల కిందికి తోసేసింది.

ఎలాగూ చచ్చేదేగా అనుకుంటూ కత్తి తీసింది.

"కత్తెందుకమ్మా?"

"మీకు పులుసు పెట్టొద్దూ?"

"ఏడుస్తూ వండుతారా?"

"ఏడుపెక్కడ? ఉల్లిపాయ ఘాటు."

"ఉల్లిపాయ ఏదీ?"

ఇంట్లో ఉల్లిపాయ అయిపోయి ఎన్నాళ్లో అయింది.

ముసలాయన చెయ్యి చాచాడు. "నేను దారిలో తినే వచ్చానమ్మా. కడుపు నిండుగా ఉంది. ఇది బతుకుతుంది, ఇలా ఇవ్వండి."

"ఏం, మా ఇంటి పులుసు మీ నోటికి సహించదా?"

"ముందు కోడినివ్వండి, తర్వాత తిడుదురుగాని. ఆ ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. గొర్రెపిల్ల వేరు, కోడి కాలు వేరు. ఒక్కసారిగా సెగ తగిలితే వేళ్లు పాడైపోతాయి. గోరువెచ్చని నీళ్లు కావాలి."

జునిల్దా బేసిన్లో పోసిన వేడినీళ్లలో ముసలాయన మోచెయ్యి ముంచి చూశాడు. వేడి తగ్గేదాకా ఆగి, అప్పుడు కోడి కాళ్లు నీళ్లలో ఉంచాడు.

జునిల్దా ఊరుకోలేక రుద్దబోయింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"తోలు ఊడొస్తుంది. మీ కాలైతే ఇలాగే రుద్దుతారా?"

"నా కాలైతే మీకు అప్పజెప్తానా?"

ముసలాయన నవ్వాడు. నీళ్లు చల్లబడినప్పుడల్లా ఓపిగ్గా మార్చాడు. మెల్లగా కాళ్లకు ఎరుపు తిరిగింది. సెలెస్తె కెవ్వుమని అరిచింది.

"అమ్మయ్య! నొప్పి తెలుస్తోందంటే ప్రాణం వస్తున్నట్టే." సొంత బిడ్డ లేచి కూర్చున్నంత సంబరపడ్డాడాయన.

గాయాన్ని ఉప్పునీళ్లతో కడిగాడు. తడి తుడిచి, పాత చొక్కా గుడ్డతో మెత్తగా కట్టు కట్టాడు.

"బొబ్బలొస్తే చిదమకండి. వేళ్ల చివర్లు నల్లబడితే కొయ్యకండి, వాటంతటవే రాలిపోతాయి. చలి తగ్గేదాకా బయటికి వదలొద్దు. ఒకసారి కోలుకున్న కాలు మళ్లీ గడ్డకడితే ఇక దక్కదు. గూట్లో సన్నకర్ర తీసేసి వెడల్పు చెక్క వెయ్యండి. దాని మీదైతే వేళ్లు పొట్ట కింద దాచుకుని పడుకుంటుంది."

ఎంత మంచి చెయ్యి, ఎంత ఓపిక! జునిల్దాకు దణ్ణం పెట్టాలనిపించింది. కానీ పులుసు కాదన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. బిగించిన మూతితోనే ఆకులు కాచిన చేదు మాతె టీ పోసి ఇచ్చింది.

"కాస్త చక్కెర ఉందా అమ్మా?"

"మాతెలో చక్కెరా! పసిపిల్లాడిలా!"

డబ్బా ఆయన ముందు ఠక్కున పెట్టింది. ఆయన చెంచా మీద చెంచా వేసుకుని, కళ్లు మూసుకుని తాగాడు.

మధ్యాహ్నానికి మంచు తోసే బండి వచ్చింది.

"వెళ్లొస్తానమ్మా."

"మళ్లీ ఇటొస్తే ఆకలి వెంటబెట్టుకుని రండి!" విసురుగా అంది జునిల్దా.

"అలాగేనమ్మా, తప్పకుండా," అని నవ్వుతూ బండెక్కాడు.

పేరైనా అడగలేదే అని తలుపేశాక గుర్తొచ్చిందామెకు.

సాయంత్రానికి సెలెస్తె లేచి నిలబడింది. కట్టు కాలితో కుంటుకుంటూ వచ్చి జునిల్దా చేతిలో గింజలు పొడిచింది. జునిల్దా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి," అనుకుంటూ రేడియో పెట్టింది. కొండల్లో ఉండేవాళ్లకు పట్నం నుంచి కబుర్లు చదివే వేళ అది.

"బర్రియా కుటుంబానికి కబురు. గొర్రెల కాపరి అతిలియో బర్రియా క్షేమం. ఆయన్ను మంచు తోసే బండి ఇందాకే ఆసుపత్రికి చేర్చింది. కనుమ మీద వెతుకుతున్నవాళ్లు ఇక దిగి రావచ్చు. తుపానులో దారి తప్పిన నాటి నుంచి ఇవాళ ఒక ఇంట్లో తియ్యటి మాతె తాగేదాకా ఆయన నోట్లో మంచు తప్ప మరేమీ పడలేదట."