కంబం కేక

దొంగతనం జరగకముందే పసిగట్టడానికని చిలకబస్తీ సందులో నిలబెట్టిన మాట్లాడే స్తంభానికి, తలుపు కొట్టకుండా పక్కింట్లోకి వెళ్లే ప్రతి మనిషీ దొంగే. దాని అరుపులు పడలేక అందరూ గడియలు పెట్టుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. ముసలి లచ్చవ్వ మాత్రం దాని తిట్లు తింటూనే రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని పెరుగు తోడుకోసం పక్కనే ఉండే అండాలు ఇంట్లోకి వచ్చేసేది.

ఇవాళ పొద్దెక్కినా రాలేదు. అండాలు మనసు కీడు శంకించింది.

"ఓ కంబమా, లచ్చవ్వ బయటికొచ్చిందా?"

"తెల్లవారుజాము నుంచి ఆ ఇంట్లో ఎలాంటి కదలికా లేదు. సంపూర్ణ భద్రత," అంది స్తంభం తృప్తిగా.

"నీ భద్రత పాడుగాను! ముసల్ది కదుల్తలేదంటే మంచిగున్నట్టా?"

అండాలు కుచ్చిళ్లు దోపుకుని వెనక గోడ దూకింది. లచ్చవ్వ వంటగదిలో కాలు మడతపడి నేల మీద పడి ఉంది.

"గిన్నె కడుగుతుంటే జారిన బిడ్డా," అని మూలిగింది.

అండాలు ఎంత లేపినా ఒక్కదాని వల్ల కాలేదు. బయట స్తంభం గొంతు చించుకుంటోంది. "దొంగ! లచ్చవ్వగారి ఇంట్లో దొంగ!"

ఎన్నాళ్లకో లచ్చవ్వ కాక వేరే దొంగ దొరికాడని సందులో గడియలు టకటకా తెరుచుకున్నాయి.

అండాలు కిటికీలోంచి తల బయటపెట్టి స్తంభం మీద విరుచుకుపడింది.

"అరువ్, ఇంకింత గట్టిగ అరువ్! నలుగురొస్తే ముసల్దాన్ని లేపుకుంటం!"