కాలరు మీద పేరు

తంతి గుమాస్తా సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు.

"మీవారు బతికే ఉన్నారమ్మా!"

ఆమె చేతిలోని తడి చొక్కాను పిండకుండానే తీగ మీద పడేసి, గుమాస్తా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పెళ్ళయి నాలుగు నెలలు. ఆయన విమానం సముద్రంలో కూలిందన్న కబురు వచ్చి ఆరు రోజులు.

రబ్బరు తెప్ప మీద ఇద్దరు దొరికారట. అప్పటికే ఒకరి ప్రాణం పోయింది. అతను వైర్‌లెస్ చూసే కుర్రాడని తేల్చి, సముద్రానికే అప్పగించి, వాళ్ళమ్మకి కబురు పంపేశారు. రెండో అతని ముఖం కాలిపోయింది, మాట లేదు. కోటు కాలరు లోపల ఎర్రదారంతో కుట్టిన పేరు చూసి పోల్చుకున్నారు.

ఆ పేరు కుట్టింది ఆమే. కుట్టు వంకరపోయిందని ఆయన వారం రోజులు ఏడిపించారు.

బస్సులో పక్కసీటు ముసలమ్మకి అడక్కుండానే అంతా చెప్పేసింది. మావారు పదేళ్ళు సరుకు ఓడల్లో చుక్కలు చూసి దారి కనిపెట్టారండీ, యుద్ధం వచ్చాక విమానంలోనూ అదే పని. తాళ్ళు లాగి లాగి అరచేతులు ఆకురాళ్ళయిపోయాయి, తగిలితే చాలు, దుప్పటికి దారాలు లేస్తాయి!

ఆస్పత్రిలో డాక్టరు నవ్వలేదు. "ఈ వారం గడిస్తే గొప్ప. ఇంటి మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతుంటే కాస్త ఆశ. వేరే ఎవర్నీ లోపలికి రానివ్వం."

తలంతా కట్లే. ఒళ్ళు సగమైపోయింది. చేతులు మాత్రం బాగున్నాయి. ఆమె ఒక చెయ్యి అందుకుని, అరచేతిని బొటనవేలితో మెల్లగా నిమిరింది. మళ్ళీ నిమిరింది. నర్సు వచ్చి భుజం తట్టేదాకా అలాగే నిలబడిపోయింది.

తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని మాటలు మొదలుపెట్టింది.

"ఆయన బట్టల తీగకి ఓడ ముడి వేశారు. ఇల్లు మారినప్పుడు తీగతోపాటు గోడ కూడా పట్టుకుపోవాలి!"

నర్సు నవ్వింది. "మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆయన, ఆయన అంటావేంటమ్మా?"

"కొత్త కాపురం కదా, సిగ్గు," అంది ఆమె.

ఆమె అడుగులు వినబడితే చాలు, అతను తల అడ్డంగా ఊపేవాడు. గొంతులో ఏదో గురగురలాడేది. కట్ల కింద తడి ఊరేది. ఆమె నుదుటి మీద చెయ్యి వేసేది. "తెలుసు. అంతా తెలుసు. ముందు నిద్ర."

నాలుగో రోజు జ్వరం పెరిగింది. చెంచాతో పోసిన నీళ్ళు పెదవుల దగ్గరే ఆగిపోయాయి. డాక్టరు తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆమె అతని చెవి దగ్గర వంగి, ఊపిరి తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. ఆయన చేసే కాఫీ ఎంత చేదో. ఆయన చెప్పులు ఆమె వేసుకుంటే ఎలా జారిపోతాయో. వెనకటి ఓడ మునిగినప్పుడు కోటు లేకుండా ఎందుకు ఒడ్డుకి చేరారో. "ఎక్కువ వణికేవాడికే కోటు. అది ఓడవాళ్ళ పద్ధతి. దాన్ని ఒంటి మీద వేసుకున్నాక బతికి తీరాలంతే. లేకపోతే ఆయన ఊరుకోరు."

చెబుతూ చెబుతూ గొంతు పోయింది. గుసగుసగా చెప్పింది.

తొమ్మిదో రోజు అతను గుక్కెడు నీళ్ళు మింగాడు. ఇంకో గుక్కెడు అడిగినట్టు ఆమె వేలు నొక్కాడు.

"గండం గడిచింది," అన్నాడు డాక్టరు.

ఆమె వెంటనే తంతి ఆఫీసుకి పరుగు తీసింది. తిరిగొచ్చాక నర్సు అడిగింది, "అత్తగారికేనా?"

"వాళ్ళమ్మకి."

నర్సు వెళ్ళేదాకా ఆగింది. తలుపు దగ్గరగా వేసింది. గోడవైపు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుని, తొమ్మిది రోజుల ఏడుపూ ఏడ్చింది. ముఖం తుడుచుకుని వచ్చి, ఆ మెత్తటి అరచేతిని మళ్ళీ అందుకుంది.

"రేపు పొద్దున్న రైలుకి మీ అమ్మ వస్తోంది, తమ్ముడూ."